దిమ్మల లెక్క

ఆషాఢంలో ముహూర్తాలుండవు.
కెమెరా ఊరికే ఉంటే బూజు పడుతుంది విశాఖలో,
లెన్సు లోపల, సాలెగూడులా, మెల్లగా.
అందుకే ఈసారి
పూర్ణా మార్కెట్ స్టూడియోకి తాళమేసి
మంచు చూడ్డానికి పోయాను.

లాహౌల్‌లో, గుర్రాలు ఆగిపోయే చోటు దాటాక
మూడు గంటల నడక.
బ్యాటరీలు చంకలో పెట్టుకున్నాను
కోడి గుడ్లు పొదిగినట్టు.
చలికి అవి చచ్చిపోతాయని
దారి చూపే అంగ్రూప్ ముందే చెప్పాడు.

హిమానీనదం అని బడిలో చదువుకున్నాను.
నది అన్నారు కదా అని నీళ్ల కోసం వెతికాను.
పగుళ్లు. మట్టి పూసుకున్న మంచు.
దాని మీద లారీ అంత బండ,
ఎవరో దించి, మళ్లీ వస్తామని మరిచిపోయినట్టు.
అడుగున ఎక్కడో నీళ్ల చప్పుడు
పక్కింట్లో గిన్నెలు కడుగుతున్నట్టు.

మొదటి ఫొటో బూడిద.
రెండోదీ బూడిదే.
కెమెరాకి తెలుపంటే నమ్మకం లేదు.
ఇంత వెలుగు లోకంలో ఉండదని
పాత బంగారం కొనే షావుకారిలా
తానే తరుగు తీసేస్తుంది.
వెలుగు ఒకటిన్నర స్టాపు పెంచాను.
అప్పుడు ఒప్పుకుంది.

ఒక రాతి మీద ఎర్ర రంగు గీత చూపించాడు అంగ్రూప్.
వాడి పెళ్లినాటికి మంచు అంచు అక్కడుండేదట.
అక్కడినుంచి ఇప్పుడు మంచుని తాకాలంటే
రెండు వందల పది అడుగులు. నేనే లెక్కపెట్టుకుంటూ నడిచాను.
ఆ గీతని ఫొటో తీశాను.
ఏముంది అందులో? రాయి, గీత.
లేనిదాన్ని ఎలా తియ్యాలో
ఇరవై ఏళ్ల పెళ్లిళ్లు నాకు నేర్పలేదు.

తిరిగొచ్చి స్టేషన్‌లో ఏసీ పెట్టె దిగగానే
లెన్సుకి ముచ్చెమటలు పోశాయి.

పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన పద్మనాభరాజు గారు,
భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి,
గోడ మీది మంచుని చూసి అన్నారు:
"భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయే,
వాటికీ దీనికీ చుట్టరికం ఉందోయ్.
అక్కడ నీళ్లన్నీ మంచై కూర్చున్న కాలంలో
ఇక్కడ సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది.
ఆరిన ఇసుకని గాలి ఎత్తిపోసింది."
గడ్డం కొంచెం పైకి సార్, అన్నాను.
ఆ దిబ్బల మీద ఎన్ని జంటల్ని నిలబెట్టానో
చున్నీలు ఎగరేయించి.

ఆదివారం చేపలకని హార్బర్‌కి పోతే
ఐస్ మిల్లు దగ్గర నూకరత్నం
దిమ్మ మీద గోనె కప్పుతోంది.
ఫోన్లో చూపించాను.
తడి చెయ్యి చీరకి తుడుచుకుని
చాలాసేపు చూసింది.
"ఎన్ని దిమ్మలుంటాదేటి బాబూ?"
ఆ లెక్క నాకు రాలేదు.
"మరి ఎవులూ ఎత్తుకుపోరా?"
ఎవరూ ఎత్తుకుపోరు. అదే పోతోంది.
"ఎటు?"
చెయ్యి చూపించాను.
బోట్లు, వాటి వెనక డాల్ఫిన్స్ నోస్,
ఆ వెనక నీలం.
అటు తిరిగి చూసింది. నవ్వలేదు.
"అందుకేటి, మా పేట గట్టు మింగేసినాది."
ఆ మంచు నీళ్లు పోయేది వేరే సముద్రానికి,
అని చెప్పబోయి ఆగాను.
సముద్రాల మధ్య ఎవరు గట్టు వేశారు గనక.

"నన్నూ ఒకటి తియ్యి, ఈ మంచుతోటి."
మిల్లు నోట్లోంచి పొడి మంచు
వంజరాల మీద కురుస్తోంది.
మొదటి ఫొటో బూడిద, ఆమె ముఖం చీకటి.
ఒకటిన్నర పెంచాను.
మంచు తెల్లబడింది.
ఆమె కనుబొమ్మల్లో ఉప్పు కూడా కనబడింది.
"బేగి తియ్యి బాబూ," అంది,
"కరిగిపోతంది."
పార పట్టిన చెయ్యి మాత్రం
ఫొటోలో కదిలిపోయింది.